లోడు మీద గంటసేపు

పదకొండు గంటల ఆరు నిమిషాలకి మూడు మిషన్లూ కలిసి నడవడం మొదలైంది. ఇక పన్నెండూ ఆరు దాకా నేను చెయ్యాల్సిన పనేమీ లేదు, ఈ స్టూలు మీద కూర్చుని, గోడ వెంట పాకిన కేబులు మీద అరచెయ్యి ఆనించి ఉండటం తప్ప. ఎడమ పక్క లేత్ మిషను పోత ఇనుము దేహంతో ఏనుగులా నిలబడి తిరుగుతోంది. మూలన కంప్రెసరు దడదడలాడుతోంది. తెర వెనక వెల్డింగ్ మిషను గుర్రుమంటోంది. నాలుగు రోజుల కిందటి దాకా ఈ గ్యారేజీలో ఒక బల్బు, ఒక ప్లగ్గు, సగం ఎండిపోయిన రంగు డబ్బాలు, తలకిందులుగా వేలాడే సైకిలు ఉండేవి. ఒక కారు కూడా ఉండేది, ఇప్పుడది అత్తారింట్లో అలిగిన అల్లుడిలా వీధిలోకి వెళ్ళి ఎండలో నిలబడింది. ఒక్కో మిషనుకీ ఒక్కో కేబులు, ఒక్కో బ్రేకరు, అన్నిటికీ పైన మూడు ఫేజుల పెద్ద బోర్డు, ఇంటి వెనక ఆరడుగుల గొయ్యిలోకి దింపిన ఎర్తింగు. అంతా నా చేత్తో వేసిందే. అందుకే కూర్చున్నాను. కొత్త వైరింగులో పెద్ద తప్పులు మంచివి, స్విచ్చెయ్యగానే ఢామ్మని చెప్పేస్తాయి. చిన్న తప్పే దొంగది. ఒక్క స్క్రూ అర చుట్టు వదులుగా ఉందనుకోండి, అది నోరు మెదపదు. లోడు పడేకొద్దీ లోపల్లోపల వేడెక్కుతూ, పక్క తీగకి కూడా తెలియకుండా మాడుతూ, ఎప్పుడో ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తీసినప్పుడు చెబుతుంది. గంటసేపు నిండు లోడు మీద నడిపి, చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉంటేనే పని అయినట్టు. మా నాన్న వైర్‌మన్, ఆయన నేర్పిన లెక్క ఇది. మీటరు అబద్ధం చెప్పదు కానీ అడిగినదే చెబుతుంది, చెయ్యి అడగనిది కూడా చెబుతుంది అనేవాడు.

పదకొండూ పది. కేబులు చల్లగానే ఉంది. నాలుగు నిమిషాలకి చల్లగా ఉండటం గొప్పేమీ కాదు. కొత్త ప్లాస్టిక్ వాసన, లేత్ మీద పోసిన నూనె వాసన, తెర వెనక కాలుతున్న రాడ్డు వాసన, మూడూ కలిస్తే అచ్చం ఫ్యాక్టరీ. తెర అంచు మీద నీలం వెలుగు తటతటలాడినప్పుడల్లా చూపు అటు పోనివ్వకుండా లేత్ వైపు తిప్పుకుంటున్నాను. వెల్డింగ్ చేస్తున్నది ఈ ఇంటాయన. ఇరవై రెండేళ్ళు మా ఫ్యాక్టరీలో టర్నరు. ఈ లేత్ మీదే చేశాడు, పాత మిషన్లు అమ్మేసినప్పుడు దీన్ని వదల్లేక ఇంటికి తెచ్చుకున్నాడు. ఏ ముక్క చేసినా కొలిచి చూపించి "తేడా సున్నా" అనేవాడు కాబట్టి ఫ్యాక్టరీ మొత్తానికి ఆయన సున్నా. కుర్రాళ్ళు సున్నా బాబాయ్ అంటారు, నేను అన్నా అంటాను. నాకు మీటరమ్మ అని పేరు పెట్టింది ఆయనే. అక్కడ ఎలక్ట్రీషియన్ని, మెడలో కరెంటు కొలిచే మీటరు వేసుకుని తిరిగేదాన్ని, తాళిబొట్టు మర్చిపోయినా మీటరు మర్చిపోదురా ఈ అమ్మ అనేవాడు. కుడిచేత్తో అంత సన్నని పని చేసిన మనిషి ఇప్పుడు ఎడమ చేత్తో వెల్డింగ్ చేస్తున్నాడు. కుడిచేతి వేళ్ళు నాలుగూ లోపలికి ముడుచుకుని ఉంటాయి, ఏదో గుప్పిట్లో దాచుకున్నట్టు. కుడి చెవి సగం లేదు. మెడ మీద చర్మం ముడతలు పడి మెరుస్తుంది. ఆ చెయ్యి, ఆ చెవి, ఆ మెడ, మూడూ నా వల్లేనని రెండేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఇంకెవరూ అనలేదు. ఎవరూ అనకపోతే మరీ కష్టం, కొట్లాడటానికి కూడా మనిషి దొరకడు.

ఆరు స్క్రూలు. రెండేళ్ళ కిందట, ఫ్యాక్టరీ రెండో షెడ్డు కరెంటు ప్యానెల్లో పైవరసన కాంటాక్టరు పోయింది, మిషన్లకి కరెంటు కలిపీ తెంపీ చేసే డబ్బా అది, పొద్దున్నే కొత్తది వేశాను. పైన మూడు స్క్రూలు, కింద మూడు. ఒకటి బిగించి లాగి చూశాను. రెండు బిగించి లాగి చూశాను. మూడు, నాలుగు, అయిదు. అయిదోదాని మీద ఉండగా సూపర్‌వైజరు గుమ్మంలోంచి, మూడో షెడ్డులో లైన్ ఆగిపోయింది త్వరగా రా అని కేకేశాడు. వస్తున్నా అన్నాను. ఇంతవరకూ అద్దంలో చూసుకున్నట్టు గుర్తుంది. ఆరో స్క్రూ తల కూడా గుర్తుంది, గాడిలో కాస్త రంగు అంటుకుని ఉంది. ఆ తర్వాత నేను మూడో షెడ్డులో ఉన్నాను. మధ్యలో ఏమీ లేదు. సినిమాలో రీలు తెగినట్టు. బిగించానా? బిగించకుండా ఎలా వెళతాను, పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడైనా వెళ్ళానా? వెళ్ళానేమో. ఆ మధ్యాహ్నం మూడింటికి రెండో షెడ్డులో లేత్ ఆగిపోయింది. నేను దగ్గర్లో లేనని సున్నా అన్నే ప్యానెలు దగ్గరికి వెళ్ళాడు. నాకు వినపడింది చప్పుడు కాదు, చప్పుడు తర్వాత అన్ని మిషన్లూ ఒక్కసారి ఆగిపోయిన నిశ్శబ్దం. పరిగెత్తాను. ప్యానెలు నిలువునా నల్లగా ఉంది. మంట కిందినుంచి పైకి పోయింది, పైవరసన నేను పెట్టిన కాంటాక్టరు కరిగి ముద్దయిపోయింది, స్క్రూలు బిగిసి ఉన్నాయో వదులుగా ఉన్నాయో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. విచారణకి ముగ్గురు వచ్చారు, ఫొటోలు తీశారు, నన్ను రెండుసార్లు కూర్చోబెట్టి అడిగారు. బిగించాను అన్నాను. అంటున్నప్పుడు నా గొంతు నాకే అప్పు తెచ్చుకున్న గొంతులా వినిపించింది. కారణం నిర్ధారణ కాలేదు అని రాసి వెళ్ళిపోయారు. నిర్ధారణ కాకపోవడమంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. వాళ్ళు ఫైలు మూసుకుంటారు. నేను ప్రతి రోజూ తెరుస్తాను.

పదకొండూ పంతొమ్మిది. కంప్రెసరు ట్యాంకు నిండి ఆగింది. ఇప్పుడు గాలి తగ్గాక దానంతటదే మళ్ళీ లేస్తుంది, లేచేటప్పుడు నడిచేదానికి ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది, అదీ అసలు పరీక్ష. గాలి గొట్టం కాస్త తెరిచి పెట్టింది అందుకే. ఎదురుచూస్తున్నాను. చెయ్యి కేబులు మీదే ఉంది కానీ ఎవరిదో చెయ్యిలా ఉంది. లేచింది. దడ్ మంది, పైన బల్బు కన్నుకొట్టినట్టు ఒక్కసారి మసకబారి తేరుకుంది, బ్రేకరు కదల్లేదు. ఊపిరి వదిలాను. ఇలా ఊపిరి బిగబట్టి వదలడం అలవాటైపోయింది నాకు. ఇంట్లోంచి బయల్దేరి వీధి చివరిదాకా వెళ్ళి గ్యాస్ కట్టేశానా అని వెనక్కి వస్తాను. తాళం లాగి చూస్తాను, రెండడుగులు వేసి మళ్ళీ లాగి చూస్తాను. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు, ఓపిక ఉన్న మనిషి, ఒకసారి మాత్రం, "నువ్విలా లాగుతుంటే ఆ తాళానికే దాని మీద అనుమానం వస్తుందే" అన్నాడు. నవ్వాను. నవ్వుతూనే మళ్ళీ లాగాను. నిద్ర పట్టాక లేపే కల ఏమీ లేదు, అసలు నిద్రే పట్టదు, కళ్ళు మూసుకుంటే గాడిలో రంగు అంటిన స్క్రూ తల. ఫ్యాక్టరీ మానేశాను. కరెంటు సామాన్ల కొట్లో కౌంటరు దగ్గర నిలబడ్డాను. స్విచ్చులు, తీగలు, టేపులు తీసి ఇవ్వడమే పని, వాటిని దేనికీ కలపక్కర్లేదు. కలపని తీగ ఎవరినీ కాల్చదు. ఇంట్లో ఫ్యూజు పోతే కూడా పక్కింటాయన్ని పిలిచేదాన్ని. ఆయన కుర్చీ ఎక్కి తడబడుతుంటే కింద నిలబడి చూసేదాన్ని, ఈత వచ్చినదాన్ని గట్టున కూర్చుని ఇంకొకరు మునగడం చూస్తున్నట్టు.

రెండు వారాల కిందట ఆ కౌంటరు ముందుకి ఈ సున్నా అన్న వచ్చి నిలబడ్డాడు. ఆస్పత్రిలో చూశాక మళ్ళీ అదే చూడటం. నేను తల దించుకుని ఏం కావాలి అన్నట్టు చేతులు కౌంటరు మీద పెట్టాను. ఆయన ఎడమ చేత్తో రాసుకొచ్చిన చీటీ తీశాడు, చిన్నపిల్లలు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. లేత్ ఎన్ని గుర్రాల మోటారో, కంప్రెసరు ఎంతో, వెల్డింగ్ ఎంతో, ఇంటి మీటరు నుంచి గ్యారేజీకి ఎన్ని అడుగులో అన్నీ ఉన్నాయి. ఏ కేబులు సరిపోతుంది అని అడిగితే చెప్పాను. తీసిచ్చాను. అప్పుడన్నాడు, "వెయ్యాల్సింది కూడా నువ్వే" అని. "ఊళ్ళో ఎలక్ట్రీషియన్లు లేరా అన్నా?" అన్నాను. "ఉన్నారు. తేడా సున్నా ఉన్నవాళ్ళు లేరు." "నేను మానేశాను." "తెలుసు. అందుకే వచ్చాను" అని, కేబులు చుట్ట భుజాన వేసుకుని, జవాబు వినకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా ఆయనతో చెబితే, "వెళ్ళకపోతే ఇంకో పదేళ్ళు తాళాలు లాగుతావు" అన్నాడు. అంతే. అటక మీద నుంచి నా పనిముట్ల సంచీ దించి, దుమ్ము దులిపి, గుమ్మం పక్కన పెట్టాడు. దాన్ని రోజూ దాటుకుంటూ వారం తిరిగాను. ఎనిమిదో రోజు చేత్తో పట్టుకుని దాటాను.

నాలుగు రోజుల పని. మొదటి రోజు పైపు కోస్తే వంకరొచ్చింది, మళ్ళీ కోశాను. రెండో రోజు గొయ్యి. మూడో రోజు కేబుళ్ళు లాగడం, ఆయన అటు చివర ఎడమ చేత్తో తోస్తూ, నేను ఇటు లాగుతూ, చెల్లెమ్మా వచ్చిందా, వచ్చింది అన్నా, ఇంకాస్త, చాలు, ఇంతకు మించి మాటలు లేవు. నాలుగో రోజు, అంటే నిన్న, బోర్డు. స్క్రూలన్నీ కాగితం మీద రాసుకుని, బిగించినదాని పక్కన టిక్కు పెట్టుకుంటూ, లాగి చూసి ఇంకో టిక్కు పెట్టుకుంటూ, అంతా అయ్యాక మొదటి నుంచి మళ్ళీ. మూడోసారి మొదలుపెట్టినప్పుడు చూస్తే ఆయన గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు, ముఖం అదోలా ఉంది. నేను చూడగానే పక్కకి తప్పుకున్నాడు. ఆయన భార్య అయితే నాలుగు రోజుల్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఫ్యాక్టరీ రోజుల్లో ఎక్కడ కనపడినా రెండు చేతులూ పట్టుకుని కబుర్లు చెప్పే మనిషి. ఇప్పుడు వేళకి టీ కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోతుంది, చేతికివ్వదు. గుమ్మం దాకా వస్తుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడుతుంది, వెనక్కి వెళ్ళిపోతుంది. నాకు అర్థమైంది. మొగుడి చెయ్యి కాల్చినదానికి టీ పెట్టడమే ఎక్కువ. ఆ టీ తాగుతుంటే ప్రతి గుక్కా గొంతులో అడ్డం పడేది, తాగకపోతే తప్పుగా అనుకుంటారని తాగేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆమె తిడితే బాగుండుననిపించేది. తిట్టు కూడా ఒక ఎర్తింగే, లోపల పేరుకున్నది భూమిలోకి పోయే దారి.

పదకొండూ నలభై మూడు. కేబులు చల్లగా ఉంది. ముప్ఫై ఏడు నిమిషాల లోడు మీద చల్లగా ఉండటం కొంచెం గొప్పే. బోర్డు తలుపు మీద చెయ్యి పెట్టాను, అదీ చల్లనే. ఇంకా ఇరవై మూడు నిమిషాలుంది, తొందరపడకే మీటరమ్మా అనుకుంటుండగా ఇంట్లోంచి గ్యారేజీలోకి తెరుచుకునే తలుపు తెరుచుకుంది. ఆమె. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. తిన్నగా తెర దగ్గరికి వెళ్ళి, తెర పక్కకి లాగి, మిషన్ల హోరు మీదుగా గట్టిగా అడిగింది.

"చెప్పారా?"

ఆయన మాస్కు పైకెత్తాడు. "గంట అవ్వనియ్యి."

"గంట కాదండీ, రెండేళ్ళయింది!"

నాకు ఏమీ బోధపడలేదు. ఆమె నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంగు చాటునుంచి ఒక గుడ్డ పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది. "నువ్వొచ్చే లోపలే చెప్పమన్నాను. చెప్తానన్నారు. రోజూ రేపంటారు. నీ ముఖం చూడలేక చచ్చిపోతున్నాను నేను, టీ గ్లాసు నీ చేతికివ్వడానికి కూడా చెయ్యి రాలేదు. ఇప్పుడాయన చెప్పకపోతే నేను చెప్తాను."

పొట్లం విప్పాను. ఆరంగుళాల స్టీలు స్కేలు. టర్నర్లు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతారే, అది. ఒక చివర బాగానే ఉంది, అంకెలు కూడా కనబడుతున్నాయి. రెండో చివర ఎలక కొరికినట్టు గుండ్రంగా కరిగిపోయి ఉంది. ఆ కరిగిన అంచు మీద రెండు చిన్న పూసలు, ఎర్రగా. గోటితో గీకాను. రాగి. స్టీలు మీద రాగి ఎలా వస్తుంది? నా చేతులకి నాకన్నా ముందు తెలిసిపోయింది.

ఆయన రాడ్డు బిగించే హోల్డరు కింద పెట్టి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కూర్చోలేదు. "ఆ రోజు లేత్ మీద లోతు ఎక్కువ కోశాను చెల్లెమ్మా. అందుకే లోడు ఎక్కువై ట్రిప్పయి ఆగిపోయింది. నీకు కబురు పెట్టి, మెయిన్ ఆపించి, అప్పుడు ప్యానెలు తలుపు తియ్యాలి. తొందర. మెయిన్ ఆపలేదు. స్క్రూడ్రైవరు పెట్టి గడియ తిప్పేసి తీశాను. మళ్ళీ నడిపించే మీట నొక్కుదామని వంగాను. జేబులోంచి స్కేలు జారింది." ఆయన ఎడమ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. "కింద వరసలో మెయిన్ నుంచి వచ్చే రాగి పట్టీలుంటాయి చూడు. వాటి మీద పడింది. ఠంగుమంది. ఆ చప్పుడు ఆస్పత్రిలో పన్నెండో రోజున గుర్తొచ్చింది. అప్పటికి విచారణ వాళ్ళు వచ్చి కూర్చున్నారు. రూలు తప్పి తీశానంటే ఉద్యోగం పోతుంది, వైద్యం ఆపేస్తారు అని భయం. గుర్తు లేదన్నాను. తర్వాత నువ్వు మానేశావని విన్నాను. ఎందుకు మానేశావో కూడా విన్నాను. చెప్దామనుకునేవాణ్ణి. రోజు గడిచేకొద్దీ నోరు బిగుసుకుపోయింది."

"నాకూ చెప్పలేదు" అంది ఆమె. "ఆ రోజు సాయంత్రం ఫ్యాక్టరీలో ఊడ్చే ఆవిడ ఈయన కళ్ళజోడు, టోపీ, ఈ స్కేలూ సంచీలో వేసి తెచ్చిచ్చింది. ఆస్పత్రిలో కత్తిరించి తీసిన చొక్కా కూడా అందులోనే పడేశాను. చూడబుద్ధి కాక ఇక్కడే అరలో పెట్టేశాను. నువ్వు పనికి రాకముందు ఈ మిషన్ల కోసం గ్యారేజీ ఖాళీ చేస్తుంటే బయటపడింది. చూశాను. స్కేలు కరిగింది, జేబు చూస్తే మాత్రం చెక్కుచెదరలేదు. జేబులో ఉన్నదైతే జేబు కాలాలి కదా? అడిగాను. అప్పుడు కక్కారు."

కంప్రెసరు ఆగింది. ఆ కాస్త నిశ్శబ్దంలో లేత్ గిరగిర తిరుగుతున్న చప్పుడొక్కటే. రెండేళ్ళు. నా నోట్లో మొదట వచ్చింది ఆ మాటే, బయటికి అనలేదు. రెండేళ్ళు నేను కళ్ళు మూసుకుంటే స్క్రూ తల. రెండేళ్ళు కుర్చీ మీద పక్కింటాయన తడబాటు. ఈ మనిషికి పన్నెండో రోజునే తెలుసు. స్కేలు విసిరి ఆయన ముఖాన కొట్టాలనిపించింది. సంచీ తీసుకుని వెళ్ళిపోవాలనిపించింది, ఆ బోర్డు తలుపు అలాగే వదిలేసి, కాలిపోతే కాలిపోనీ అని. లేచాను కూడా. లేచేటప్పుడు గడియారం కనపడింది. పదకొండూ యాభై. ఇంకా పదహారు నిమిషాలు. సగంలో వదిలిన పరీక్ష పరీక్ష కాదు.

"చెల్లెమ్మా, ఏమైనా అను. నాలుగు తిట్టు."

"వెల్డింగ్ ఎందుకు ఆపావు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "లోడు పడాలి. గంట అవ్వలేదు. వెళ్ళి రాడ్డు పెట్టు."

ఆయన వెళ్ళి మాస్కు దించుకున్నాడు. నీలం వెలుగు మళ్ళీ తటతటలాడింది. ఈసారి అటు చూశాను. కళ్ళకి మంచిది కాదని తెలుసు, అయినా తెర సందులోంచి ఒక్క క్షణం చూశాను. మాస్కు అడుగున ఆయన గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి, చెమటో ఏడుపో, వెల్డింగ్ చేసేవాడికి ఆ సౌకర్యం ఉంది. ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు, రంగు డబ్బా బోర్లించుకుని నా పక్కన కూర్చుంది. నేను స్కేలు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. కింద వరస పట్టీలు. నా కాంటాక్టరు పైవరస. మంట కిందినుంచి పైకి పోయింది, అది నేను ఆ రోజే చూశాను, కళ్ళారా చూశాను, ఎందుకు పోయిందని ఒక్కసారీ అడగలేదు. అడగడానికి నాకు తీరిక ఏదీ, ఆరో స్క్రూ దగ్గరే కూర్చుని ఉన్నాను కదా. ఆరో స్క్రూ బిగించానో లేదో ఇప్పటికీ తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. బిగించి ఉంటే సరే. బిగించకపోతే? బిగించకపోయినా ఈ రెండు రాగి పూసలు వచ్చింది దానివల్ల కాదు. ఈ మాట లోపల ఒకసారి అనుకున్నాను. ఇంకోసారి అనుకున్నాను. భుజాల మీద ఏదో కిందికి దిగుతున్నట్టు, ఎక్కడో తుప్పు పట్టి బిగుసుకుపోయిన నట్టు నూనె పోసిన చాలాసేపటికి కదిలినట్టు, నిజంగానే మెడ దగ్గర చప్పుడైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుంటే చేతి గ్రీజు బుగ్గకి అంటింది.

కోపం పోలేదు. పోలేదు కానీ అది ఒకచోట కూర్చోనివ్వని కోపం కాదు, మనిషి మీద ఉన్న కోపం, అడ్రసున్న కోపం. రెండేళ్ళుగా లేనిది అదే. ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. సగం కాలిన మనిషి మంచం మీద పడుకుని, భార్య కాళ్ళ దగ్గర కూర్చుని ఉంటే, కోట్లు తొడుక్కున్న ముగ్గురు మనుషులు కాగితాలు పట్టుకుని అడిగితే, నేనైతే ఏం చెప్పేదాన్ని? చెప్పేదాన్నేమో. చెప్పకపోయేదాన్నేమో. "మరి నన్నెందుకు పిలిచావన్నా?" అని అరిచాను, హోరు మీదుగా. ఆయన రాడ్డు తీయకుండానే అరిచి చెప్పాడు. "కౌంటరు దగ్గర నువ్వున్నావని ఎవరో అన్నారు. చూసిపోదామని ఒకరోజు వీధి అవతల నిలబడ్డాను. స్విచ్చులు లెక్కపెట్టి కవర్లో వేస్తున్నావు. నా చెయ్యి పోయింది సరే, తప్పు నాది. నీ చేతులు రెండూ బాగానే ఉన్నాయి కదా, అవెందుకు పోవాలనిపించింది." రాడ్డు మార్చుకుంటూ, "ఫ్యాక్టరీకి కూడా రాసిచ్చేస్తాను, ఎల్లుండే" అన్నాడు. "ఎల్లుండి కాదు, రేపు!" అంది ఆమె డబ్బా మీద నుంచి. "రేపే" అన్నాడు ఆయన. నాకు నవ్వొచ్చింది. అనుకోకుండా వచ్చింది, ముక్కులోంచి వచ్చింది, ఆపుకుందామంటే ఆగలేదు. ఆమె నా వైపు బిత్తరపోయి చూసి, తనూ నవ్వి, నవ్వుతూనే ఏడ్చేసింది. ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది, రెండు చేతులతోనూ. ఇద్దరి చేతుల కింద కేబులు చల్లగా ఉంది.

పన్నెండూ ఆరు. ఒక్కొక్కటే ఆపాను, మొదట వెల్డింగ్, తర్వాత లేత్, చివరికి కంప్రెసరు. మెయిన్ ఆపి, ఆగిందని టెస్టరుతో చూసుకుని, బోర్డు తలుపు తెరిచి, ఒక్కో స్క్రూ మీదా వేలు పెట్టాను. ఏదీ వెచ్చగా లేదు. పక్క స్క్రూకీ దీనికీ తేడా సున్నా. ఆ మాట పైకి అనలేదు, ఇవాళ ఆయనకి అంత ఇవ్వదల్చుకోలేదు. తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి ఆయన ఎడమ చేతిలో పెట్టి, "మెయిన్ ఆపకుండా ఇది తీశావంటే నేనే వచ్చి కొడతాను" అన్నాను. ఆయన తల ఊపాడు, బడిపిల్లాడిలా. బయటికి వచ్చి కారు నీడలో నిలబడి మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ఎక్కడో బస్సు నిలిపి పిల్లల కోసం కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పాను, గబగబా, ముందుది వెనక, వెనకది ముందు. "రెండేళ్ళుగా నేను చెబుతున్నది అదే కదే, నీ తప్పు కాదని?" "మీరు చెబితే నమ్ముతానా? రాగి చెప్పింది." ఆయన గట్టిగా నవ్వాడు. తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు. ఎండకి జలుబు చేసిందట.

లోపలికి వచ్చేసరికి వంటింటి గుమ్మంలోంచి వేడివేడి అన్నం వాసన. కడుపులో ఒక్కసారి ఆకలి భగ్గుమంది. మూడు కంచాలు పెట్టి ఉన్నాయి. ఎవరూ రమ్మని పిలవలేదు, నేనూ మొహమాటపడలేదు, చేతులు కడుక్కుని కూర్చున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని ఎడమ చేత్తో చెంచా పట్టుకుని, తల ఎత్తకుండా తింటున్నాడు. నేను మాట్లాడలేదు. రేపో ఎల్లుండో మాట్లాడతానేమో, రేపు ఆయన రాసిచ్చి వచ్చాక. ఇప్పుడు మాత్రం తింటున్నాను, రుచి నాలుక మీద తెలుస్తుండగా, నములుతూ, మింగుతూ, గొంతులో ఏదీ అడ్డం పడకుండా. కంచం ఖాళీ అయ్యింది. ఆమె గరిటె పట్టుకుని నా ముఖం వైపే చూస్తూ నిలబడి ఉంది, అడగాలా వద్దా అన్నట్టు. కంచం ముందుకి జరిపాను.

"ఇంకాస్త పెట్టు వదినా" అన్నాను.